మబ్బు లేకుండానే మసకబారే బొమ్మ

నెల్లూరు తీరాన ఉన్న చిల్లకూరులో, దూరదర్శన్ చందా లేకుండా ఇచ్చే ఉపగ్రహ టీవీ కోసం డాబా మీద బిగించిన డీడీ ఫ్రీ డిష్ ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. ఆ మూలన, దాదాపు 67 డిగ్రీల ఎత్తున, కంటికి ఆనని చోట జీశాట్-15 ఉపగ్రహం ఉంది. భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36 వేల కిలోమీటర్ల దూరంలో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద దాని చోటు. 67 డిగ్రీలంటే బాగా ఎత్తు. పక్కింటి డాబా గానీ, తాటిచెట్టు గానీ, హైవే పక్కన లేచిన సెల్ టవరు గానీ అడ్డం రావడం అరుదు. వాన మేఘంలో సిగ్నల్ నడవాల్సిన దూరమూ తక్కువే. ఉపగ్రహ టీవీ చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం.

అయినా బొమ్మ మీద ఫిర్యాదులు ఆగవు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, బాక్సులో సిగ్నల్ క్వాలిటీ గీత నిండుగా ఉంటుంది. తెరమీద చూస్తే మైదానంలో పచ్చిక ముద్దగా కనిపిస్తుంది. పరిగెత్తే ఆటగాడి చుట్టూ గళ్లు లేస్తాయి. యాంకరమ్మ చీర ఎర్రంచు గీత దాటి పక్కకు కారినట్టుంటుంది. డిష్ మెకానిక్ వస్తాడు, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీని కొంచెం అటూ ఇటూ తిప్పుతాడు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన కనెక్టర్ కోసి కొత్తది వేస్తాడు, కూలి తీసుకుని వెళ్తాడు. బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది. అతని పనితనానికి వంక పెట్టడానికి లేదు. లోపం డిష్‌లో ఉంటే కదా డిష్ తిప్పితే పోయేది!

వాతావరణం వల్ల చెడే బొమ్మ వేరు, చానల్‌కిచ్చే డేటా కేటాయింపులో కోత పడి చెడే బొమ్మ వేరు. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. రెండోది ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో తీసుకున్న నిర్ణయం. ఉచితంగా గాలిలో వచ్చే హెచ్‌డీ టీవీ నాణ్యత తగ్గిపోతోందని అమెరికాలో, బ్రిటన్‌లో, మన దగ్గర వినిపించే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఈ రెండోదే. కానీ చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నింద ఎప్పుడూ డిష్ మీదో, వాన మీదో, మెకానిక్ మీదో పడుతుంది.

పాతరోజుల్లో ఈ అయోమయం లేదు. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న, హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలయ్యాయి. చిల్లకూరుకు మద్రాసు నేరుగా కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాద్ అంతకు మూడు రెట్లకు పైనే. ఎత్తయిన గొట్టానికి యాంటెన్నా కట్టి దక్షిణానికి తిప్పితే మద్రాసు బొమ్మ ఎంతో కొంత చిక్కే దూరం అది. ఒకరు డాబా మీద గొట్టం తిప్పుతుంటే, ఇంకొకరు కిటికీలోంచి ‘వచ్చింది... పోయింది... మళ్లీ తిప్పు’ అని కేకలేసే రోజులు. అనలాగ్ సిగ్నల్ ఎంత బలహీనపడితే తెరమీద అన్ని చుక్కలు కురిసేవి. బొమ్మ మెల్లగా, పద్ధతిగా చెడేది. చెడినా మనిషిని గుర్తుపట్టే వీలుండేది, మాట వినిపించేది.

సముద్రతీరానికి అప్పట్లో ఇంకో విశేషం ఉండేది. ఎండాకాలం సాయంత్రాల్లో నేలమీది వేడి పొడిగాలి వెళ్లి సముద్రం మీది చల్లని తేమగాలిపై పరుచుకుంటుంది. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాల్సిన గాలి అక్కడ తలకిందులై, కింద చల్లగా పైన వెచ్చగా పొరలు కడుతుంది. టీవీ తరంగాలు ఆ పొరల మధ్య చిక్కుకుని భూమి వంపు వెంట వంగుతూ వందల కిలోమీటర్లు వెళ్లిపోతాయి. 1980లలో తమిళనాడు తీరంలో శ్రీలంక రూపవాహిని కార్యక్రమాలు ఇళ్లలో కనిపించడానికి సముద్రం ఇచ్చిన ఈ దారి చాలా సాయపడింది. ఏ రోజు ఏ బొమ్మ పడుతుందో గాలి నిర్ణయించేది.

ఆ బొమ్మలు పంపిన దూరదర్శన్ టవర్లలో చాలావాటి పని ఇప్పుడు అయిపోయింది. వ్యూహాత్మక ప్రాంతాల్లోని సుమారు 50 ట్రాన్స్‌మిటర్లు మినహా మిగతా అనలాగ్ ప్రసారాలను 2022 మార్చి 31లోగా ఆపేస్తామని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రకటించింది. టవర్ నుంచే డిజిటల్‌గా పంపే డీవీబీ-టీ2 ప్రసారాలను దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో మొదలుపెట్టింది. ఆ జాబితాలో చెన్నై ఉంది. హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు. పైగా అవి హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత ఉన్న మామూలు ఎస్‌డీ ప్రసారాలు. కాబట్టి నెల్లూరు తీరంలోని పల్లెకు నెలవారీ చందా లేకుండా గాలిలో వచ్చే హెచ్‌డీ అంటే ఫ్రీ డిష్‌లోని డీడీ నేషనల్ హెచ్‌డీ లాంటి కొద్దిపాటి చానళ్లే.

ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చెడే తీరు వేరు. డిజిటల్ సిగ్నల్‌లో తప్పులను దిద్దుకోవడానికి అదనపు అంకెలు ముందే కలిపి పంపుతారు. సిగ్నల్ బలహీనపడుతున్నా, ఆ అంకెల సాయంతో తప్పులు దిద్దుకోగలిగినంత సేపు బాక్సు అసలు బొమ్మనే చూపిస్తుంది. ఆ హద్దు దాటిన మరుక్షణం బొమ్మ రాయిలా నిలిచిపోతుంది, రంగురంగుల గళ్లు ఎగురుతాయి, మాట తెగిపోతుంది, చివరికి ‘నో సిగ్నల్’ అన్న అక్షరాలు. ఫ్రీ డిష్ వాడే 11 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు మూడు సెంటీమీటర్ల లోపే. వానచినుకులు దాన్ని బాగానే మింగేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు ఈ తీరాన్ని ముంచెత్తే వేళ ఇది అందరికీ అనుభవమే. మార్చిలో ఒకసారి, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో మరోసారి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే కొద్ది రోజులూ పగటిపూట కొన్ని నిమిషాలు అంతరాయం కలుగుతుంది. వాన వెలిస్తే, సూర్యుడు జరిగితే బొమ్మ తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు మునుపటి బొమ్మే వస్తుంది, అర మార్కు కూడా తగ్గదు.

అంటే డిజిటల్ బొమ్మ దూరానికో వానకో మెల్లమెల్లగా వాడిపోదు. బాక్సు దాకా చేరిందంటే, పంపినవాళ్లు ఎలా పంపారో అలాగే చేరినట్టు. నిర్మలమైన రోజున మసక బొమ్మ వచ్చిందంటే, మసకగానే పంపారన్నమాట.

అలా ఎందుకు పంపుతారో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి. హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, మొత్తం 20 లక్షల పైచిలుకు. మన దేశంలో సెకనుకు 25 చిత్రాలు చూపిస్తారు. వెలుగునీడల్ని పట్టినంత సూక్ష్మంగా రంగుల్ని మన కన్ను పట్టలేదు కాబట్టి, రంగు సమాచారాన్ని ముందే నాలుగో వంతుకు తగ్గిస్తారు. ఎర్రంచు పక్కకు కారినట్టు కనిపించడానికి పునాది అక్కడే పడుతుంది. అంత తగ్గించాక కూడా చుక్కకు 12 బిట్లు. అన్నీ గుణిస్తే సెకనుకు సుమారు 622 మెగాబిట్లు. మరి ఇంటికి చేరే మంచి హెచ్‌డీ చానల్‌కు దక్కేది ఎనిమిదో పదో మెగాబిట్లు. అంటే 60 నుంచి 80 వంతుల్లో ఒక వంతు మిగిల్చి, మిగతాదంతా దారిలోనే వదిలేయాలి. అదీ కన్ను కనిపెట్టకుండా.

ఈ అసాధ్యాన్ని సాధ్యం చేసిన గణితంలో ఒక తెలుగు పేరుంది. కామిసెట్టి రామమోహన్ రావు మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి, 1966 నుంచి టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో పాఠం చెప్పారు. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన నాసిర్ అహ్మద్ బెంగళూరు మనిషి. చిత్రాన్ని కుదించడానికి కొసైన్ తరంగాలను వాడవచ్చన్న ఆలోచనతో ఆయన 1972లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగితే, అది మరీ తేలికైన సంగతిగా తోచి వాళ్లు ఇవ్వలేదు. అహ్మద్ ఆ పని వదల్లేదు. పీహెచ్‌డీ విద్యార్థి టి. నటరాజన్, మిత్రుడు రామమోహన్ రావు తోడయ్యారు. ముగ్గురి పేర్ల మీద 1974 జనవరిలో ‘డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’ అనే చిన్న పరిశోధనా పత్రం అచ్చయింది. ఫోన్‌లో దాచుకునే జేపెగ్ ఫొటో, డీవీడీ సినిమా, డిష్ టీవీ, యూట్యూబ్ వీడియో అన్నిటి కడుపులోనూ ఆ పద్ధతో, దానికి దగ్గరి చుట్టమో ఉంది. ఆర్లింగ్టన్‌లోనే యాభై ఏళ్లకు పైగా విద్యార్థుల మధ్య గడిపిన రామమోహన్ రావు 2021లో కన్నుమూశారు. తెలుగునాట ఆయన పేరు ఇంకా చాలామందికి తెలియాల్సి ఉంది.

ఆ పద్ధతి పనిచేసే తీరు ఇదీ. చిత్రాన్ని అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలున్న చిన్న చిన్న గళ్లుగా కోస్తారు. గడిలోని 64 చుక్కల వెలుగును 64 తరంగాల కలయికగా తిరగరాస్తారు. మొదటి తరంగం ఆ గడి మొత్తం సగటు వెలుగు. తర్వాతివి మెల్లగా మారే నీడలు. చివరివి వెంట్రుక, గడ్డిపరక, చీరనేత లాంటి సన్నని వివరాలు. లోకంలోని దృశ్యాల్లో చాలా గళ్లకు మొదటి కొన్ని తరంగాలే ముఖ్యం. గోడ, ఆకాశం, చెంప, ఇవన్నీ నునుపైనవే. కాబట్టి చివరి తరంగాలను మోటుగా రాసినా, పూర్తిగా కొట్టేసినా కన్ను గుర్తించదు.

ఎంతవరకు కొట్టేయవచ్చన్నదే అసలు పేచీ. ఒక హెచ్‌డీ చిత్రంలో ఇలాంటి గళ్లు 32,400. సెకనుకు 25 చిత్రాలంటే 8 లక్షలకు పైమాటే. చానల్‌కు ఎనిమిది మెగాబిట్లు ఇస్తే గడికి పది బిట్లు కూడా నిండుగా రావు. 64 చుక్కలకు పది బిట్లు! దాన్ని నాలుగు మెగాబిట్లకు కోస్తే గడికి ఐదు. అప్పుడు సన్నని వివరాలతో ఆగదు, నీడలనూ కొట్టేయాల్సి వస్తుంది. గడికి సగటు వెలుగు తప్ప ఏమీ మిగలదు. పక్క గడి సగటుతో ఈ గడి సగటు కలవదు. ఆ అతుకే తెరమీద గళ్లుగా కనిపిస్తుంది. అక్షరాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు కదిలే మచ్చలు కూడా సగం కొట్టేసిన ఆ తరంగాల శేషమే.

అసలు పది బిట్లతో పని ఎలా జరుగుతోందంటే, ప్రతి చిత్రాన్నీ కొత్తగా పంపరు. సుమారు అరసెకనుకోసారి ఒక పూర్తి చిత్రం పంపి, మధ్యలోవాటికి ‘ఈ గడి ఇందాక అక్కడున్నదే, నాలుగు చుక్కలు కుడికి జరిగింది’ అని కబురు మాత్రం పంపుతారు. వార్తలు చదివే మనిషి వెనక బల్ల, గోడ కదలవు కాబట్టి వాటికి ఖర్చే లేదు. బిట్లన్నీ ముఖానికి పెట్టుకోవచ్చు. బిట్లు చాలనప్పుడు ఈ ఏర్పాటు తెరమీద బయటపడిపోతుంది. స్థిరంగా ఉన్న పచ్చిక మీద చూపు నిలిపితే, అది అరసెకనుకోసారి ఊపిరి తీసినట్టు కొంచెం తేరుకుని, మళ్లీ మెత్తబడుతుంది. తేరుకున్న క్షణం పూర్తి చిత్రం వచ్చిన క్షణం.

ఇలా బొమ్మను కుదించే యంత్రం ఎన్‌కోడర్. దాన్ని ఓడించే దృశ్యాలు కొన్ని ఉన్నాయి. పూలవాన, హోరున కురిసే వర్షం, పుష్కరిణిలో ఎగసే నీళ్లు, కెమెరా ఫ్లాష్‌లు. వీటిలో ఏ గడీ ఇందాకటి గడిలా ఉండదు. అన్నిటికన్నా కఠినమైనది చిల్లకూరు వాళ్లకు బాగా తెలిసిన దృశ్యమే. శ్రీహరికోట ప్రయోగవేదిక ఇక్కడికి ఆగ్నేయాన, నేరుగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కు చంద్రయాన్-3ను మోసుకుని ఎల్‌వీఎం-3 రాకెట్ అక్కడి నుంచే లేచింది. అలాంటి రోజున మెట్లెక్కి డాబా మీదికి వెళ్తే తోక వెనక తెల్లని పొగచారతో రాకెట్ పైకి పోవడం కంటితో చూడవచ్చు. టీవీలో అదే దృశ్యం వెనకబడి వస్తుంది. సిగ్నల్ ఉపగ్రహానికి ఎక్కి దిగడానికి పట్టేది పావు సెకనే. మిగతా ఆలస్యమంతా ఎన్‌కోడర్లు ముందువెనక చిత్రాలను పోల్చి చూసుకుంటూ, ఒక్కో మజిలీలో ఆగుతూ రావడం వల్ల. ఇంజిన్ వెలగగానే పొగ నాలుగు దిక్కులా పొర్లుతుంది. మంటకూ పొగకూ నునుపు లేదు, నిన్నటి పోలిక లేదు, పునరావృతం లేదు. కేటాయింపు తక్కువున్న చానల్‌లో సరిగ్గా అందరూ కళ్లప్పగించి చూసే ఆ రెండు మూడు సెకన్లే పొగ గళ్లు కట్టి ముద్దవుతుంది. రాకెట్ నీలాకాశంలోకి వెళ్లాక బొమ్మ మళ్లీ తేటగా వస్తుంది. అప్పటికి తెరమీద ఉన్నది ఒక చుక్క, దాని వెనక గీత.

ఇక కేటాయింపు ఎందుకు చాలదన్న సంగతి. ఉపగ్రహంలో ఒక్కో ట్రాన్స్‌పాండర్ ఒక్కో గొట్టం లాంటిది. ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించే చానళ్లకు ఫ్రీ డిష్ వాడే అమరికలో ఒక ట్రాన్స్‌పాండర్ గుండా సెకనుకు 40 మెగాబిట్ల చిల్లర వస్తాయి. అందులో ఎనిమిది చానళ్లు పెడితే తలకు ఐదు మెగాబిట్లు. మంచి డీవీడీ బొమ్మకు దగ్గరగా ఉంటుంది. 16 పెడితే తలకు రెండున్నర. నెల్లూరు రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. కాలువలో వదిలే నీళ్లు పెరగకుండా ఆయకట్టు పెంచుకుంటూ పోతే చివరి మడికి తడి అందదు. నీళ్లున్నాయి, పంట మాత్రం ఎండుతుంది. టీవీలో ఈ వంతుల్ని కంప్యూటర్ క్షణక్షణం మారుస్తుంది. క్రికెట్‌కు అవసరం పెరిగితే ఆ క్షణంలో కదలని బొమ్మ ఉన్న చానల్ నుంచి బిట్లు లాగి అటు మళ్లిస్తుంది. ఇది చక్కని పద్ధతి. కానీ అన్ని చానళ్లలోనూ ఒకేసారి డాన్సులు, పోరాటాలు, పరుగులు ఉంటే లాగడానికి ఎక్కడా మిగులు ఉండదు.

2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ఈ సేవ మొదలైనప్పుడు చానళ్లు 33. ఇప్పుడు విద్యా చానళ్లతో కలిపి వందకు పైనే. ఇది చేరే ఇళ్లు నాలుగున్నర కోట్లకు పైనే ఉంటాయని పరిశ్రమ అంచనా. అన్ని ఇళ్లున్న చోట చానల్ పెట్టడానికి ప్రైవేటు సంస్థలు పోటీపడతాయి. ప్రసార భారతి స్లాట్లను ఈ-వేలంలో ఇస్తుంది, ధర కోట్లలో పలుకుతుంది. ఒక ట్రాన్స్‌పాండర్‌లో ఇంకో చానల్ ఇరికిస్తే ఇంకో స్లాటు ఆదాయం. ఆ ఆదాయమే చందా లేని సేవను నడిపిస్తోందన్నది నిజం. ఆ ఇరుకులో తలా కొంత బొమ్మ పోతోందన్నదీ నిజమే. ఎక్కువ చానళ్లు కావాలా, మంచి బొమ్మ కావాలా అని ఆ కోట్ల ఇళ్లలో ఎవర్నీ అడగలేదు.

ట్రాన్స్‌పాండర్ అన్నది తేలిగ్గా దొరికేదీ కాదు. 2006 జులై 10న శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ దారి తప్పి ముక్కలై బంగాళాఖాతంలో పడినప్పుడు, దాంతోపాటు డీటీహెచ్ కోసం తయారుచేసిన 12 కేయూ-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్ల ఇన్శాట్-4సీ కూడా పోయింది. బదులుగా మరొకటి, ఇన్శాట్-4సీఆర్, కక్ష్యకు చేరడానికి 2007 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

ఇరుకు తగ్గించే తోవ ఒకటుంది. ఎంపెగ్-4 పద్ధతి దాదాపు సగం బిట్లతోనే ఎంపెగ్-2 అంత బొమ్మ ఇస్తుంది. ఫ్రీ డిష్‌లో హెచ్‌డీ చానళ్లు వచ్చేది దానిలోనే. అన్నీ అందులోకి మార్చేస్తే సరిపోదా? సరిపోదు. ఎన్నో ఇళ్లలో ఉన్న పాత, చౌక బాక్సులు ఎంపెగ్-2 తప్ప చదవలేవు. రాత్రికి రాత్రి మారిస్తే అక్కడ తెర నల్లబడుతుంది. ఎక్కువ ఇళ్లకు చేరుతుంది కాబట్టే వేలంలో ఎంపెగ్-2 స్లాటుకు గిరాకీ ఎక్కువ. గిరాకీ ఎక్కువ కాబట్టి పాత పద్ధతి సాగుతుంది. కొన్ని వందల రూపాయల పాత బాక్సు, కోట్ల రూపాయల వేలంపాట ఒకదాన్నొకటి పట్టుకుని కదలనివ్వడం లేదు. బాక్సు మార్చుకోలేని ఇంటిని తప్పుపట్టడం అన్యాయం. చౌకగానో ఉచితంగానో కొత్త బాక్సు చేతికిచ్చి, గడువు చెప్పి మార్చడం ప్రభుత్వం చేయగల పనే. 2009లో అనలాగ్ ఆపేసేటప్పుడు అమెరికా ప్రభుత్వం కన్వర్టర్ బాక్సులు కొనుక్కోమని ఇంటికి రెండు 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది.

ఆ అమెరికాలో కూడా కథ సుఖాంతం కాలేదు. అక్కడ ఒక టీవీ స్టేషన్‌కు ఇచ్చే ఆరు మెగాహెర్ట్జ్ చానల్‌లో సెకనుకు 19.39 మెగాబిట్లు పడతాయి. మొదట్లో చాలా స్టేషన్లు అందులో ఎక్కువ భాగం ఒక్క హెచ్‌డీ బొమ్మకే ఇచ్చేవి. ఇంటి మీద యాంటెన్నా పెట్టుకుంటే కేబుల్ కన్నా తేట బొమ్మ వచ్చేది. తర్వాత పాత సీరియళ్ల చానల్, వాతావరణ చానల్, షాపింగ్ చానల్ ఒక్కొక్కటే అదే గొట్టంలో చేరాయి. 2017లో ముగిసిన స్పెక్ట్రమ్ వేలంలో టీవీ తరంగాల్లోంచి 84 మెగాహెర్ట్జ్ పోయి, అందులో చాలా భాగం మొబైల్ కంపెనీల పరమైంది. వేలం విలువ 19.8 బిలియన్ డాలర్లు. తమ చానల్ అమ్ముకున్న స్టేషన్లలో కొన్ని ఇంకో స్టేషన్ గొట్టంలో వాటాకు చేరాయి. ఇప్పుడు ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త పద్ధతికి మారడం కోసం ఒక స్టేషన్‌ను ఖాళీ చేసి, దాని పాత ప్రసారాన్ని పక్క స్టేషన్లు తలా కొంత మోస్తున్నాయి. కొత్త టీవీ ఉన్నవాళ్లకు మేలు జరుగుతుందేమో గానీ, పాత టీవీ ఉన్న ఇంట్లో హెచ్‌డీ పలచబడింది.

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. తెలుగు చానళ్లు వాళ్లకు యాప్‌లలో వస్తాయి. టోర్నడో హెచ్చరికలకు, స్థానిక వార్తలకు మాత్రం యాంటెన్నా గట్టి ఆధారం. ఇంటర్నెట్ పోయినా అది పనిచేస్తుంది. సీడర్ హిల్ గుట్ట మీది టవర్ల నుంచి వాళ్లకు సిగ్నల్ వస్తుంది. రామమోహన్ రావు పాఠం చెప్పిన ఆర్లింగ్టన్ అక్కడికి దగ్గర్లోనే ఉంది. ఆయన సహ ఆవిష్కర్తగా ఉన్న గణితం తక్కువ బిట్లతో మంచి బొమ్మ ఇవ్వడానికి పుట్టింది. మిగిలిన బిట్లను బొమ్మకే ఖర్చుపెట్టాలా, ఇంకో చానల్ అమ్మాలా అన్నది ఆ గణితం చెప్పదు. అమెరికా చట్టమూ చెప్పదు. చందా లేకుండా ఒక్క ప్రసారమైనా పాత అనలాగ్ నాణ్యతకు తగ్గకుండా ఇవ్వాలన్నదే అక్కడి నిబంధన. హెచ్‌డీ ఇచ్చి తీరాలని లేదు.

బ్రిటన్‌లో ప్రేక్షకులు ఈ సంగతిని పట్టుకుని నిలదీశారు. 2009 ఆగస్టులో బీబీసీ హెచ్‌డీ కొత్త ఎన్‌కోడర్లు పెట్టి, సెకనుకు 16 మెగాబిట్లున్న ప్రసారాన్ని 9.7కు తగ్గించింది. తక్కువ బిట్లతో అదే బొమ్మ వస్తుందన్నది సంస్థ వాదన. బొమ్మ మెత్తబడిందని ప్రేక్షకులు రాశారు, అంకెలతో సహా చూపించారు. ఒక దృశ్యం కరిగి మరొకటి వచ్చే చోట లోపాలున్నాయని సంస్థ ఒప్పుకుని సాఫ్ట్‌వేర్ మార్చింది. మరుసటి ఏడాది, దృశ్యాన్ని బట్టి బిట్లు పెరిగే పద్ధతికి వెళ్లింది. అక్కడివాళ్లు వాదించగలిగారంటే కారణం, వాళ్ల దగ్గర అంకె ఉంది.

చిల్లకూరులోనూ ఆ అంకె తెలుసుకోవచ్చు, ఖర్చు లేకుండా. యూఎస్‌బీలోకి రికార్డు చేసే బాక్సులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక చానల్‌ను సరిగ్గా పది నిమిషాలు పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేసి ఫైలు సైజు చూడాలి. మెగాబైట్లను ఎనిమిదితో గుణించి 600తో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబిట్లో వస్తుంది. 600 మెగాబైట్లుంటే ఎనిమిది మెగాబిట్లు, హెచ్‌డీకి గౌరవమైన కేటాయింపు. 190 లోపుంటే రెండున్నర. అది ఎస్‌డీ చానల్ అయితే గళ్లు ఎందుకొస్తున్నాయో తెలిసిపోతుంది. హెచ్‌డీ అని రాసుకున్న చానల్ అయితే ఆ పేరే ప్రశ్నార్థకం.

మెకానిక్‌ను పిలవాలా వద్దా తేల్చుకోవడానికి ఇంకా సులువైన పరీక్ష చెవిది. సిగ్నల్ తెగినప్పుడు బొమ్మతోపాటు మాట కూడా తెగుతుంది, టిక్కుమంటుంది, ఆగుతుంది. బొమ్మ గళ్లు కడుతున్నా మాట నిరాటంకంగా సాగుతోందంటే డిష్, ఎల్‌ఎన్‌బీ, వైరు దాదాపు బాగున్నట్టే. కోత అవతల పడింది. మాట కూడా తెగుతుంటే మాత్రం ముందు చూడాల్సింది డిష్ వెనక కనెక్టర్. సముద్రపు గాలికి దానిలోపలి రాగి తీగ పచ్చబడుతుంది, వైరులోకి నీళ్లు దిగుతాయి.

పంపిన బొమ్మ కూడా అన్నిసార్లూ మొదటి చేతి బొమ్మ కాదు. స్టేడియం నుంచి స్టూడియోకి ఒకసారి కుదించి, స్టూడియో నుంచి ఉపగ్రహానికి మళ్లీ కుదించి, కేబుల్ కంట్రోల్ రూములో విప్పి ఇంకోసారి కుదిస్తే, ప్రతిసారీ గళ్లలో కొంత వివరం పోతుంది. పాత ఎస్‌డీ టేపును సాగదీసి హెచ్‌డీ చానల్‌లో వేస్తే అది హెచ్‌డీ కాదు. టీవీలూ పెరిగాయి. 21 అంగుళాల పాత పిక్చర్ ట్యూబు కప్పిపుచ్చిన లోపాన్ని 43 అంగుళాల ప్యానెల్ విప్పి చూపిస్తుంది. ఆ సైజు హెచ్‌డీ తెరలో ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. ఆరోగ్యమైన కన్ను దాన్ని ఐదున్నర అడుగుల లోపు నుంచి విడిగా గుర్తుపట్టగలదు. టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించి, ఇంకో రెండడుగులు వెనక్కి జరిగితే కొంత ఊరట. పోయిన వివరం మాత్రం ఏ సెట్టింగ్‌తోనూ తిరిగి రాదు.

మొబైల్‌కు నేరుగా టీవీ ప్రసారం చేసే డీ2ఎం పద్ధతిని ప్రసార భారతి, ఐఐటీ కాన్పూర్ కలిసి పరీక్షించాయి. దాని పునాది కూడా ఏటీఎస్‌సీ 3.0నే. టవర్ల నుంచి ఉచిత టీవీ తిరిగి ఈ తీరానికి వచ్చే రోజు రావచ్చు. అప్పుడూ గొట్టం ఒకటే, వాటాదారులు చాలామంది. పాల ప్యాకెట్ మీద వెన్న శాతం అచ్చువేయాలన్న నియమం ఉన్న దేశంలో, ప్రతి ఉచిత చానల్‌కు సగటున ఎన్ని మెగాబిట్లు ఇస్తున్నారో, ఏ పద్ధతిలో కుదిస్తున్నారో నెలనెలా ప్రకటించమని అడగడం పెద్ద కోరిక కాదు. ఆ అంకె ప్రసార భారతి ఎర్త్ స్టేషన్‌లోని ఎన్‌కోడర్ తెరమీద ఎప్పుడూ ఉండేదే.